కౌంటరుకి ఇవతల ఎంక్వైరీ అక్కయ్య

బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక ముప్పయ్యేళ్లు కూర్చున్న మనిషికి సొంత పేరు మిగలదు. ఊరందరికీ ఆవిడ ఎంక్వైరీ అక్కయ్యే. ఉద్యోగం దిగిపోయింది గానీ ఆ పేరు దిగలేదు. ఇప్పటికీ కూరగాయల బండి అతను "ఎంక్వైరీ అక్కయ్యా, వాన వస్తుందంటారా?" అని అడుగుతాడు. ఆకాశం వంక చూడకుండానే ఆవిడ "వచ్చేస్తుంది నాయనా" అంటుంది.

ఆ ఒక్క మాట మీదే ఆవిడ ఉద్యోగమంతా నడిచింది. దారిలో టైరు పేలినా, డ్రైవరు జ్వరమొచ్చి పడుకున్నా, బస్సు అసలు డిపోలోంచే కదలకపోయినా, కిటికీ దగ్గరికొచ్చిన వాళ్లకి ఆవిడ చెప్పేది ఒకటే: "వచ్చేస్తుందండీ, దారిలో ఉంది." అబద్ధమాడుతున్నానని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. రాదని చెబితే మనిషి ఏం చేస్తాడు? కేకలేస్తాడు, బల్ల గుద్దుతాడు. వస్తుందంటే మూట దించుకుని నీడపట్టున కూర్చుంటాడు. ఎప్పటికో అప్పటికి ఏదో ఒక బస్సు రాకపోదు. బస్సుని తేవడం డ్రైవరు పని, జనాన్ని కూర్చోబెట్టడం తన పని. ఇదీ ఆవిడ సిద్ధాంతం. ఇక ఆ బస్సు రానే రాదని రూఢి అయిన రోజు మాత్రం ఆవిడ చెప్పులు విడిచి, బల్ల కింద కాళ్లు చాపుకుని, నింపాదిగా టిఫిను డబ్బా తీసేది. రావలసిన బస్సు ఉన్నంతసేపూ ఆవిడకి ముద్ద దిగేది కాదు.

ఆవిడ మాట చెల్లని మనిషి ఒక్కతే, వదిన.

అమ్మ పోయిన ఏడాదికి అన్నయ్య పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి ఎంక్వైరీ అక్కయ్యకి నాలుగేళ్లు, వదినకి పద్దెనిమిది. కాపురానికి వచ్చీ రాగానే వదిన ఆ పిల్లకి తలదువ్వడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. వదినకి ఒక అక్క. పరదేశంలో నర్సుగా చేసేది. నానా తంటాలూ పడి, చెల్లెలికి అక్కడి నర్సుల ట్రైనింగులో సీటు సంపాదించింది. అన్నయ్య సరేనన్నాడు. పెట్టె సర్దారు. బండి గుమ్మంలోకి వచ్చింది. అప్పుడు ఆ నాలుగేళ్ల పిల్ల వచ్చి పెట్టె మీద ఎక్కి కూర్చుంది. బతిమాలారు, బుజ్జగించారు, బూచాడికి పట్టిస్తామన్నారు. దిగితే కదా! చివరికి వదినే బండిని వెనక్కి పంపేసి, వచ్చే ఏడు చూద్దాంలే అంది. ఆ వచ్చే ఏడు రానే లేదు.

"అయితే ఆ ఇంటికి ఆయాగా పోయావన్నమాట. ఏం సాధిస్తావో నేనూ చూస్తాను" అంది అక్క. తెగతెంపులేమీ జరగలేదు. మంచికీ చెడుకీ ఫోను చేసుకునేవారు. బాగున్నావా అంటే బాగున్నా అనుకోవడం, అక్కడితో సరి. వదినకి పిల్లలు కలగలేదు. అన్నయ్య పోయాక వదిన ఆడపడుచు దగ్గరికే వచ్చేసింది. "నా పెట్టె మీద ఇది కూర్చుంది, ఇంట్లో నన్ను కూర్చోబెట్టింది" అని ఆ కథని వదిన నవ్వుతూనే చెప్పేది. విన్నవాళ్లూ నవ్వేవారు. ఎంక్వైరీ అక్కయ్య కూడా అందరితో పాటే నవ్వేది గానీ, ఆ రాత్రి అన్నం సయించేది కాదు.

అందుకే, పార్కులో పొద్దుటే నడిచే బృందం విదేశీయాత్ర తలపెట్టినప్పుడు, ఎక్కడికి వెళ్లాలన్న చర్చని ఆవిడ చాలా ఒడుపుగా ఒక వైపుకి తోసుకొచ్చింది. వదిన అక్క ఇప్పుడు ఎనభైకి దగ్గర పడింది. గుండె జబ్బు వల్ల విమానాలు వద్దన్నారు. తన తోటి ముసలివాళ్లతో కలిసి ఓడలో తిరుగుతోంది. ఆ ఓడ ఫలానా రోజు ఫలానా రేవులో పొద్దున ఆగి, సాయంత్రం వెళ్లిపోతుంది. ఆ రోజు రేవు గేటు దగ్గర కలుసుకోవాలని అక్కచెల్లెళ్లకి ఫోనులో మాట కుదిర్చిందీ ఆవిడే. నడక బృందం చూడవలసిన ఊళ్లలో ఆ రేవు పట్నం ఎలా వచ్చి చేరిందో బృందానికి నేటికీ తెలియదు. "అక్కడ బీచి బ్రహ్మాండం అట" అని ఆవిడ అంటే సరేనన్నారు, పాపం.

రేవుకి వెళ్లాలంటే కొండలు దాటాలి. ఘాటు రోడ్డు మీద బస్సెక్కితే వదినకి పేగులు బయటికొచ్చేంత వాంతులు. కాబట్టి బస్సు వద్దని, ఆ ముక్క దూరానికి చిన్న విమానమే ఎక్కాలని ఎంక్వైరీ అక్కయ్య పట్టుబట్టింది. ఆ విమానం కంపెనీ ఎలాంటిదో వచ్చేటప్పుడే తెలిసింది. ఆవిడ భర్త టైలరు మాస్టారి పెట్టెని వాళ్లు పోగొట్టేశారు. మాస్టారు ఉత్త సాధువు, పెట్టె పోయినందుకు పల్లెత్తు మాట అనలేదు. కానీ దానికి బదులుగా బజార్లో కొన్న టీషర్టు చంక దగ్గర కుట్టు వంకర పోయింది. ఆ కుట్టు చూసుకుని ఆయన కుమిలిపోతున్నాడు. "దీన్ని కుట్టినవాడికి చేతులున్నాయంటావా?" అని రోజుకి నాలుగుసార్లు భార్యని అడిగేవాడు. బృందంలోని ప్లీడరు గారైతే ఆ కంపెనీకి 'దైవాధీనం సర్వీసు' అని నామకరణం చేసేశాడు.

ఓడ వచ్చే రోజు పొద్దున్నే అంతా విమానాశ్రయానికి చేరుకున్నారు. చిన్న హాలు. వరసగా ఇనప కుర్చీలు, ఒక మూల కాఫీ మిషను, రన్‌వే వైపు అద్దాల గోడ. అద్దాల అవతల విమానం అన్న వస్తువు లేదు. గోడ మీద బోర్డులో మాత్రం ఆన్ టైమ్ అని పచ్చగా వెలుగుతోంది. బయల్దేరే వేళ వచ్చింది, దాటింది. పచ్చ అక్షరాలు చెక్కుచెదరలేదు.

"టైము ప్రకారమే లేదన్నమాట" అన్నాడు ప్లీడరు గారు.

కౌంటరు దగ్గర చుక్కల స్కార్ఫు కట్టుకున్న అమ్మాయి ఒక్కతే ఉంది. జనం బెల్లం మీద ఈగల్లా ఆమె చుట్టూ మూగారు. ప్లీడరు గారు ఏవో సెక్షన్లు కూడా చెప్పాడు. ఎంక్వైరీ అక్కయ్యకి జాలేసింది, తమ వాళ్ల మీద కాదు, ఆ పిల్ల మీద. జనాన్ని మోచేతులతో తప్పించుకుని ముందుకెళ్లి, "అరిస్తే రెక్కలొస్తాయా? కూర్చోండయ్యా!" అని తమ వాళ్లనే గదిమింది. ఆవిడది బస్టాండు ఇంగ్లీషు. అందులో క్రియలుండవు గానీ పని జరుగుతుంది. తనని వేలితో చూపించుకుని, కౌంటరుని చూపించి, "నేనూ ఇలాగే, ముప్పయ్యేళ్లు, బస్సులు" అని చెప్పింది. ఆ అమ్మాయి పొద్దుట్నుంచీ మొదటిసారి నవ్వింది. ముందుకి వంగి, ఒక్క ఆవిడకే చెబుతున్నట్టుగా, "ఇంకో గంట ఆంటీ. అక్కణ్ణుంచి బయల్దేరింది, దారిలో ఉంది" అంది.

ముప్పయ్యేళ్లు తాను వేలమందికి అమ్మిన సరుకుని ఆవిడ ఎదురుగా నిలబడి కొనేసుకుంది. కౌంటరు మనిషి సాటి కౌంటరు మనిషితో కల్లలాడదని ఆవిడ నమ్మకం. వెనక్కి వచ్చి వదిన పక్కన కూర్చుని, చేతి మీద చెయ్యి వేసి, "వచ్చేస్తుంది వదినా, దారిలో ఉందట" అంది.

వదిన ఆవిడ మొహంలోకి ఓసారి చూసి, "అలాగే పాపా" అంది. అరవై దాటినా వదినకి ఆవిడ పాపే.

గంట అయింది. ఇంకో గంట అన్నారు. తరవాత బిస్కెట్లు పంచారు. బిస్కెట్లు చూసి ఎంక్వైరీ అక్కయ్యకి అనుమానం వచ్చింది. ఖాళీ చేతులతో చెప్పలేని మాట ఉన్నప్పుడే కదా ఎవరైనా బిస్కెట్లు పంచేది! అయినా తమాయించుకుంది. మధ్యాహ్నం కావస్తుండగా ప్లీడరు గారు బయటికెళ్లి ఒక బస్సు మాట్లాడుకొచ్చాడు.

"అక్కయ్యా, అందరం వెళ్లిపోతున్నాం. మీరూ రండి. కొండల మీదుగా మూడు నాలుగు గంటల్లో దింపేస్తానంటున్నాడు."

"మా వదినకి ఘాటు పడదండీ. విమానం వచ్చేస్తుంది. మీరు బీచికి చేరేసరికి మేం అక్కడ తడిసి ఆరి కూర్చుంటాం, చూడండి."

"ఎవరు చెప్పారమ్మా వస్తుందని?"

"ఆ అమ్మాయే చెప్పింది."

ప్లీడరు గారు బోర్డు వంకా ఆవిడ వంకా ఓసారి చూసి, తన పెట్టె అందుకున్నాడు. బృందమంతా పెట్టెలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది. హాల్లో ఈ ముగ్గురూ, కొద్దిమంది పరాయివాళ్లూ మిగిలారు. మాస్టారు ఎవరిదో సూదీదారం అరువు తెచ్చుకుని, టీషర్టు విప్పి, బనీనుతో కూర్చుని చంక కుట్టు విప్పడం మొదలుపెట్టాడు. వదిన అద్దాల వైపు చూస్తూ కూర్చుంది.

నీళ్లు పట్టుకుందామని ఎంక్వైరీ అక్కయ్య కౌంటరు పక్క సందులోకి వెళ్లింది. అక్కడొక గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల చుక్కల స్కార్ఫు అమ్మాయి బూట్లు రెండూ విడిచేసి, ఎదురు కుర్చీ మీద కాళ్లు చాపుకుని, ఒళ్లో డబ్బా పెట్టుకుని నింపాదిగా తింటోంది.

ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఎంక్వైరీ అక్కయ్య చేతిలో సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అలికిడికి ఆ పిల్ల తల తిప్పి చూసింది. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. గబగబా కాళ్లు దించి బూట్ల కోసం వెతుక్కుంది.

"రాదా?" అంది ఎంక్వైరీ అక్కయ్య.

"సారీ ఆంటీ. అక్కణ్ణుంచి బయల్దేరనే లేదు. గంట గంట అని చెబుతూ ఉండమన్నారు. నేను..."

తిట్టాలని ఎంక్వైరీ అక్కయ్య నోరు తెరిచింది. కానీ ఆ పిల్లని ఏం తిట్టినా సగం తనకే తగులుతుంది. ఎంతమంది ఆస్పత్రికి వెళ్లవలసినవాళ్లని, పెళ్లికి అందుకోవలసినవాళ్లని, ఆఖరి చూపు చూడవలసినవాళ్లని తాను నీడపట్టున చల్లగా కూర్చోబెట్టిందో! వాళ్లలో ఏ ఒక్కరి మొహమూ గుర్తులేదు. ఆవిడ గోడకి ఆనుకుని, వచ్చిన ఇంగ్లీషు అంతా కూడదీసుకుని, వదిన గురించి, ఓడ గురించి, సాయంత్రం గురించి చెప్పింది. మధ్యలో ఏడుపు కూడా వచ్చింది. ఏడుపుకి ఇంగ్లీషు అవసరం లేదు కనక కథ బాగానే అర్థమైంది.

ఆ అమ్మాయి డబ్బా మూసేసింది. తమ సిబ్బందిని తీసుకురావడానికి రేవు పట్నానికి ఒక వ్యాను ఖాళీగా వెళుతోందట. ఫోను తీసి డ్రైవరుతో ఏదో గట్టిగా మాట్లాడి, ముగ్గుర్ని ఎక్కించుకోవడానికి ఒప్పించింది. అంతసేపూ బూటు ఒకటే వేసుకుని నిలబడి ఉంది.

ఇక ఆ మాట వదినకి చెప్పాలి. సందులోంచి ఇనప కుర్చీల దాకా ఎంక్వైరీ అక్కయ్య మాటలు పేర్చుకుంటూ నడిచింది. అసలు రాదని చెప్పే అలవాటే లేదు.

"వదినా, విమానం రాదు."

"తెలుసు పాపా."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"నువ్వు వచ్చేస్తుందని చెయ్యి మీద చెయ్యి వేసినప్పుడే. చిన్నప్పుడు పరీక్ష పాసయ్యానని కూడా అలాగే చెప్పావు."

"మరి ఆ బస్సులో వెళదామని అనలేదేం? నీ కోసమే కదా ఇదంతా! ఓడ వెళ్లిపోతే మళ్లీ ఎప్పటికి?"

వదిన ఇటు తిరక్కుండానే చెప్పింది. "నువ్వు వస్తుందన్నంతసేపూ నేను వెళ్లక్కర్లేదు కదా. భయమేసిందే. మా అక్క అడుగుతుంది. ఏం సాధించావే అని అడిగే తీరుతుంది, నాకు తెలుసు దాని సంగతి. అది ముగ్గురు డాక్టర్లని కన్నది, ఆస్పత్రిని నడిపింది. నేనేం చూపించను? వండాను, ఉతికాను. ఇంతదూరం వచ్చి ఆ మాట చెప్పాలా?"

ఎంక్వైరీ అక్కయ్యకి మనసు చివుక్కుమంది. ఆ ఇంట్లో వదిన వండిందీ ఉతికిందీ ఎవరికో ఆవిడకి తెలుసు. వదిన పెట్టె హ్యాండిలు లాగి పట్టుకుంది.

"అడిగితే అడగనీ. లే వదినా. వ్యానుంది. వాంతులైతే నేను పట్టుకుంటాను."

వదిన ఆ పెట్టె వంకా, దాన్ని పట్టుకున్న చేతి వంకా చూసింది. చూసి చూసి లేచింది. "నువ్వు లెమ్మన్నాక ఇంకేముంది" అంది.

ఆ ఘాటు సంగతి చెప్పకపోతేనే మంచిది. వ్యాను డ్రైవరుకి మలుపులంటే సరదా. వదినకి మొదటి కొండకే మొదలైంది. ఎంక్వైరీ అక్కయ్య ఒక చేత్తో ఆమె నుదురూ ఇంకో చేత్తో ప్లాస్టిక్ కవరూ పట్టుకుని కూర్చుంది. వెనక సీటులోంచి మాస్టారు వదినతో "అయిపోయిందక్కయ్య గారూ, ఇదే ఆఖరి మలుపు" అని ప్రతి మలుపుకీ చెప్పాడు. కాసేపటికి ఎంక్వైరీ అక్కయ్య వెనక్కి తిరిగి, "ఎన్ని మలుపులున్నాయో మనకి తెలియదండీ. తెలియదనే చెప్పండి" అంది. భార్య నోట ఆ మాట విని మాస్టారికి సూది గుచ్చుకున్నంత పనైంది.

రేవుకి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఓడ ఉంది. నాలుగంతస్తుల ఇల్లులా తెల్లగా నిలబడి ఉంది. జనం ఒక్కొక్కరే వంతెన ఎక్కి లోపలికి పోతున్నారు. గేటు దగ్గర ఇనప కంచె పక్కన, మడతకుర్చీలో, ఎండటోపీ పెట్టుకుని, చేతికర్ర మోకాళ్ల మీద అడ్డంగా వేసుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఓడ మనిషొకడు పక్కన నిలబడి, ఇక లోపలికి రమ్మని చేతులు జోడించినంత పని చేస్తున్నాడు. ఆవిడ అతనికి కర్ర చూపిస్తోంది.

వదిన వ్యాను దిగి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. జుట్టు రేగిపోయి ఉంది. చీర కుచ్చిళ్ల దగ్గర తడి. ముసలావిడ కర్ర ఊతంగా లేచి, టోపీ వెనక్కి నెట్టి చూసింది.

"ఏమే, ఇప్పుడా రావడం? పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చున్నాను."

"విమానం రాలేదక్కా."

"వాంతులయ్యాయా?"

"ఊఁ."

"చిన్నప్పుడు ఎడ్లబండి ఎక్కినా అంతే నువ్వు" అని ముసలావిడ తన చేతిరుమాలుతో చెల్లెలి మొహం తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆ చెంప మీదే చెయ్యి ఉంచేసింది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఓడ కూత వేసింది. ఓడ మనిషి మళ్లీ ఏదో చెప్పబోయి, మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపితే ఆగాడు.

అప్పుడు అడిగింది ఆవిడ. అడుగుతుందని వదిన చెప్పనే చెప్పింది. గొంతులో కోపం మాత్రం లేదు, అన్నేళ్లుగా దాచుకున్న ప్రశ్న పాతబడి మెత్తబడిపోయి ఉంది. "ఏం సాధించావే చెల్లీ? నేను అక్కడ నీకు మంచం కూడా వేసి ఉంచాను."

వదిన వెనక్కి చెయ్యి చాపి, అయిదడుగుల దూరంలో వాడిన మొహంతో, వాచిన కాళ్లతో, చేతిలో ఇంకా ఆ కవరు పట్టుకుని నిలబడ్డ ఎంక్వైరీ అక్కయ్యని రెక్క పుచ్చుకుని ముందుకి లాగింది. చుట్టాలొచ్చినప్పుడు తలుపు చాటున నక్కిన పిల్లని లాగినట్టు లాగి, తన ముందు నిలబెట్టి, భుజాల మీద రెండు చేతులూ వేసింది.

"పెద్దమ్మే పాపా. పలకరించు."

వరసకి ఆ ముసలావిడ కూడా ఎంక్వైరీ అక్కయ్యకి వదినే అవుతుంది. అమ్మకి అక్క అయితేనే పెద్దమ్మ. ఎన్నో ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఒకే కంచంలో తిని, వదినా అనడమూ పాపా అనిపించుకోవడమూ తప్ప వేరే పిలుపు ఆ ఇద్దరి మధ్యా ఎన్నడూ రాలేదు. ఇప్పుడీ రేవులో, పరాయి జనం చూస్తుండగా వదిన ఆ వరస కలిపేసింది. ఎంక్వైరీ అక్కయ్యకి కళ్లు కమ్మేశాయి. బస్టాండంతా వినబడేలా మైకులో ముప్పయ్యేళ్లు మాట్లాడిన గొంతులోంచి ఒక్క మాట, అదీ గుసగుసగా వచ్చింది.

"పెద్దమ్మా."

ముసలావిడ ఆ నెరిసిన తలనీ, వాచిన పాదాలనీ, భుజాల మీద ఉన్న చెల్లెలి చేతుల్నీ తీరిగ్గా చూసింది. ఓడ రెండో కూత వేసింది. ఆవిడ దాన్ని పట్టించుకోకుండా ముందుకొచ్చి, ఎంక్వైరీ అక్కయ్య గడ్డం పట్టుకుని పైకెత్తి, చెల్లెలితో అంది.

"ఇంత పిల్లని వదిలేసి నువ్వు మాత్రం ఎలా వస్తావులేవే."